మలుపులో కారు ఒరుగుతోందా? షాక్‌లు, బార్, స్ప్రింగ్‌లు... డబ్బు ముందు దేనికి పెట్టాలి?

గుంటూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్నంతసేపు కారు సస్పెన్షన్ గురించి ఎవరికీ పెద్దగా ఆలోచన రాదు. రోడ్డు తిన్నగా ఉంటుంది. కొరిశపాడు, రేణంగివరం మధ్య అయితే అవసరమొస్తే విమానాలు దిగేలా అదే హైవేని రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరులో వాయుసేన అక్కడ ట్రయల్ కూడా చేసింది. అలాంటి రోడ్డు మీద ఏ కారైనా బుద్ధిమంతుడిలాగే నడుస్తుంది.

అసలు సంగతి హైవే దిగాక బయటపడుతుంది. కోటప్పకొండ ఘాట్ ఎక్కినా, కొండవీడు కోట మీదికి వెళ్లినా, దోర్నాల దాటి శ్రీశైలం వైపు మలుపులు మొదలైనా కారు ఒక పక్కకి ఒరిగిపోతుంది. వెనక సీట్లో అమ్మ పై హ్యాండిల్ పట్టుకుని "కాస్త నెమ్మదిగా పోనీరా" అంటుంది. పిల్లలకి వాంతులు. ఇంటికొచ్చాక ఫోన్ తీసి వెతికితే యాంటీ రోల్ బార్లు, లోయరింగ్ స్ప్రింగ్‌లు, కాయిలోవర్లు, రబ్బరు బఫర్లు వరసగా కనిపిస్తాయి. అన్నిటి కిందా ఒకటే మాట: "బాడీ రోల్ తగ్గుతుంది".

చాలావాటి విషయంలో ఆ మాట నిజమే. కానీ రోల్ తగ్గడం, కారు సేఫ్ కావడం ఒకటి కాదు. ఈ రెండిటికీ తేడా తెలియకుండా పార్టులు కొంటే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే ముందు లెక్క, తర్వాత ఫోన్‌తో కొలత, ఆ తర్వాతే షాపింగ్.

బాడీ రోల్ అంటే ఏంటి?

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నారు. డ్రైవరు ఎడమకి తిప్పాడు. మీరు కుడికి ఒరిగారు. కారు బాడీకి జరిగేది కూడా అంతే. చక్రాలు రోడ్డుని పట్టుకుని తిరుగుతాయి, వాటి పైన స్ప్రింగుల మీద కూర్చున్న బాడీ మాత్రం తిన్నగా పోవాలని చూస్తుంది. దాంతో బయటి వైపు స్ప్రింగ్‌లు నొక్కుకుంటాయి, లోపలి వైపువి సాగుతాయి. ఆ కోణమే బాడీ రోల్.

ఇందులో నాలుగు పార్టుల పాత్ర ఉంటుంది. ఎవరి పని వాళ్లదే.

- స్ప్రింగ్: కారు ఎంత ఒరగాలో ప్రధానంగా ఇదే తేలుస్తుంది.
- యాంటీ రోల్ బార్: స్వే బార్ అన్నా, స్టెబిలైజర్ బార్ అన్నా ఇదే. ఎడమ, కుడి చక్రాలని కలిపే ఒక ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ కలిసి పైకి కిందకి కదిలితే దీనికి పని ఉండదు. ఒకటి పైకి, ఒకటి కిందకి పోతే మెలిపడి అడ్డుకుంటుంది.
- షాక్ అబ్జార్బర్ లేదా డ్యాంపర్: కారు ఎంత ఒరగాలో ఇది నిర్ణయించదు. ఎంత వేగంగా ఒరగాలి, ఒరిగాక ఎన్ని ఊపుల్లో కుదురుకోవాలి అన్నది దీని చేతిలో ఉంటుంది.
- టైరు: సైడ్‌వాల్ కూడా ఒక స్ప్రింగే. గాలి తక్కువైతే మలుపులో అదీ వంగుతుంది.

షాక్‌ల సంగతి చాలామందికి తెలియదు. కొత్త షాక్‌లు వేశాక "రోల్ తగ్గింది" అనిపిస్తుంది. నిజానికి స్థిరమైన మలుపులో కోణం దాదాపు అంతే ఉంటుంది, ఒరగడం నెమ్మదిస్తుంది. మన మెదడు పట్టించుకునేది ఎక్కువగా ఆ వేగాన్నే. కాబట్టి ఈ అనుభూతి ఉత్త భ్రమ కాదు, దానికీ విలువ ఉంది.

రెండు టిక్కీల లెక్క

మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందో చెప్పే సూత్రం సులువే. కారు బరువుని పక్కకి తోసే జి విలువతో, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎత్తుతో గుణించి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో భాగించాలి. సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటే స్కూల్లో చదువుకున్న గరిమనాభే.

ఉదాహరణకి 1,200 కిలోల కారు అనుకుందాం. గరిమనాభి 0.6 మీటర్ల ఎత్తులో ఉంది, చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు. గట్టిగా తిప్పితే 0.5 జి వచ్చింది.

- కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే: 240 కిలోలు మారతాయి. అంటే లోపలి వైపు 360, బయటి వైపు 840 కిలోలు.
- 30 మి.మీ. కిందకి దించే స్ప్రింగ్‌లు వేస్తే: 228 కిలోలు. లాభం 12 కిలోలు.
- లావు యాంటీ రోల్ బార్ వేస్తే: దాదాపు అదే 240 కిలోలు. మార్పు లేదు!
- టాప్ క్యారియర్ మీద రెండు మిర్చి టిక్కీలు కడితే: టిక్కీ 40 కిలోలు, ఎత్తు 1.8 మీటర్లు అనుకుంటే గరిమనాభి 0.675 మీటర్లకి పెరుగుతుంది. మారే బరువు 288 కిలోలు. నష్టం 48 కిలోలు.

మూడో లైను మళ్లీ చూడండి. బార్ కోణాన్ని తగ్గిస్తుంది కానీ బయటి చక్రాల మీద పడే మొత్తం బరువుని తగ్గించదు. నాలుగో లైను ఇంకా ముఖ్యం. ఖరీదైన స్ప్రింగ్‌ల వల్ల వచ్చే లాభానికి నాలుగింతల నష్టం టాప్ మీద కట్టిన రెండు బస్తాలతోనే వచ్చేస్తుంది. టాప్ మీది లగేజీ దించి డిక్కీలో పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు.

కారు బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలాంటి లెక్కనే వాడుతుంది. చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తారు. అంకె ఎంత పెద్దదైతే అంత నయం. మన ఉదాహరణ కారుకి 1.25 వస్తుంది. 30 మి.మీ. దించితే 1.32. రెండు టిక్కీలు కడితే 1.11. యాంటీ రోల్ బార్ వేస్తే మళ్లీ అదే 1.25.

చెప్పొచ్చేదేంటంటే, బార్ వేసిన కారు నిటారుగా తిరుగుతుంది కాబట్టి డ్రైవరుకి ధైర్యం పెరుగుతుంది. హద్దు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఒరగడం అనేది కారు ఇచ్చే ముందస్తు హెచ్చరిక కూడా. హెచ్చరిక తగ్గించుకుని వేగం పెంచితే అప్‌గ్రేడ్ అర్థమే మారిపోతుంది.

దుప్పి టెస్టు, మనకైతే గేదె టెస్టు

సస్పెన్షన్ మీద ప్రపంచం మొత్తం మాట్లాడుకున్న సంఘటన 1997 అక్టోబరులో స్వీడన్‌లో జరిగింది. అక్కడ రోడ్ల మీదికి మూస్ అనే భారీ దుప్పి హఠాత్తుగా వస్తుంటుంది. దాన్ని తప్పించడానికి ఒక పక్కకి తిప్పి, వెంటనే మళ్లీ సొంత లేన్‌లోకి రావాలి. టెక్నికెన్స్ వార్ల్డ్ అనే పత్రిక ఆ టెస్టుని కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్ మీద చేసింది. కారు బోల్తా పడింది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీ అనే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ వ్యవస్థని అన్ని ఏ-క్లాస్ కార్లలో స్టాండర్డ్‌గా పెట్టి తిరిగి మార్కెట్లోకి తెచ్చింది.

ఈ టెస్టు ఎందుకు కష్టమంటే, మొదటి తిప్పుడుకి కారు ఒక పక్కకి ఒరిగి స్ప్రింగ్‌లలో శక్తి నిల్వ అవుతుంది. వెంటనే రెండో వైపుకి తిప్పితే ఆ శక్తి విడుదలై కొత్త తోపుకి తోడవుతుంది. ఊయల వెనక్కి వచ్చే సమయానికి ఇంకోసారి తోసినట్టు అన్నమాట. ఇక్కడ కాపాడేవి మంచి డ్యాంపర్లు, మంచి టైర్లు, పైన ఈఎస్‌సీ. అదే కంపెనీని బట్టి ఈఎస్‌పీ. లావు బార్ ఒక్కటే ఈ పని చేయలేదు.

మన దగ్గర మూస్ లేదు కానీ గేదె ఉంది. సీజన్‌లో రిఫ్లెక్టర్ లేకుండా వెళ్లే పత్తి ట్రాక్టరు ఉంది. రోడ్డు మార్జిన్‌లో ఆరబోసిన మిర్చి ఉంది. రాత్రి పూట రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు ఉంది. మూస్ టెస్టు స్వీడన్ వాళ్లకి అవసరమో కాదో గానీ, గుంటూరు జిల్లాలో కారు నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

నల్లరేగడి నేల చేసే పని

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి, మిర్చికి పేరు తెచ్చిన నల్లరేగడి నేల రోడ్లకి మాత్రం శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైన వేసిన తారు రోడ్డు ఆ కదలికకి తగ్గట్టు అలలు అలలుగా మారుతుంది. పర్చూరు, ఇంకొల్లు వైపు రోడ్ల మీద గుంత లేకపోయినా కారు పడవలా ఊగుతోందంటే ఇదే కారణం కావచ్చు. పైగా ఎడమ చక్రం కింద ఒక ఎత్తు, కుడి చక్రం కింద ఇంకో ఎత్తు ఉంటుంది. మలుపు లేకపోయినా రోల్ వస్తుంది.

ఇలాంటి రోడ్డు మీద మరీ గట్టి యాంటీ రోల్ బార్ ఎదురుతిరుగుతుంది. ఒక చక్రం ఎత్తు ఎక్కితే, బార్ ఆ కదలికని రెండో వైపుకి కూడా పంపిస్తుంది. తల అటూ ఇటూ ఊగుతుంది. ఘాట్‌లో తగ్గిన వాంతులు ఊరి రోడ్డు మీద మొదలవుతాయి.

రెండో విషయం మార్జిన్. కార్లు చాలావరకు తారు మీద ఒరిగి ఒరిగి బోల్తా పడవు. పక్కకి జారిన చక్రం మెత్తటి మట్టిలో దిగబడో, అంచుకి తగిలో ఆగిపోతే, బాడీ ఆగక పల్టీ కొడుతుంది. వానలో నానిన రేగడి మార్జిన్ సరిగ్గా అలాంటి చోటు. ఏ స్ప్రింగూ ఏ బారూ దీన్ని ఆపలేవు. కారుని రోడ్డు మీద ఉంచే టైరు గ్రిప్, ఈఎస్‌సీ, వేగం తగ్గించుకోవడం మాత్రమే పనికొస్తాయి.

మూడోది ఎండ. రాష్ట్రంలో ఎండ అనగానే గుర్తొచ్చే రెంటచింతల మన పల్నాడులోనే ఉంది. రబ్బరు బుష్‌లు వేడికి గట్టిపడి పగుళ్లిస్తాయి. షాక్‌ల పని కదలికని వేడిగా మార్చడం. లోపలి ఆయిల్ వేడెక్కి పల్చబడితే డ్యాంపింగ్ తగ్గుతుంది. కాబట్టి కిలోమీటర్లు తక్కువ తిరిగినా మన కార్ల సస్పెన్షన్ ముందే అలిసిపోవచ్చు.

పార్టు కొనే ముందు ఫోన్‌తో కొలవండి

మీ జేబులో ఉన్న ఫోన్‌లో గైరోస్కోప్ ఉంటే రోల్ కొలవడానికి వేరే గ్యాడ్జెట్ అక్కర్లేదు. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ తయారు చేసిన ఫైఫాక్స్ యాప్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఉచితం. ఫోన్ సెన్సర్ల డేటాని గ్రాఫ్‌గా చూపిస్తుంది, ఫైల్‌గా కూడా ఇస్తుంది.

ఒక జాగ్రత్త. స్పిరిట్ లెవెల్ యాప్‌తో రోల్ కొలవకండి. అది యాక్సిలరోమీటర్ మీద పని చేస్తుంది. మలుపులో పక్కకి తోసే బలాన్ని కూడా వంపుగానే లెక్కేసి, ఉన్నదానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. మనకి కావలసింది గైరోస్కోప్.

1. ఫోన్‌ని గేర్ లివర్ దగ్గర కన్సోల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, పై అంచు కారు ముందు వైపు ఉండేలా టేప్‌తో గట్టిగా బిగించండి. అద్దానికి అంటించే హోల్డర్ వద్దు, అది సొంతంగా ఊగుతుంది.
2. ఫైఫాక్స్‌లో గైరోస్కోప్ తెరవండి. ఈ పొజిషన్‌లో వై యాక్సిస్ గ్రాఫే మీ రోల్ వేగం.
3. యాప్ పని పక్క సీట్లో ఉన్నవాళ్లది. డ్రైవరు ఫోన్ ముట్టుకోకూడదు.
4. జనం, బళ్లు లేని విశాలమైన సమతల గ్రౌండ్‌లో 30 నుంచి 40 కి.మీ. వేగంలో మామూలుగా ఒక లేన్ మారినట్టు తిప్పి, తిన్నగా పోనివ్వండి. అంతకు మించి వేగం అవసరం లేదు.
5. పార్టు మార్చాక అదే చోట, అదే వేగంతో, కారులో అంతమందే ఉండగా మళ్లీ చేయండి. వాలు ఉన్న మలుపులో రోడ్డు వంపు కూడా కలిసిపోతుంది కాబట్టి ఘాట్ రోడ్డు దీనికి పనికిరాదు.

గ్రాఫ్‌లో రెండు విషయాలు చూడాలి. మొదటిది గీత ఎత్తు. సెకనుకి 0.05 రేడియన్ల వేగంతో ఒక సెకను ఒరిగితే దాదాపు 2.9 డిగ్రీలు. రెండోది, స్టీరింగ్ తిన్నగా వచ్చాక ఎన్ని ఊపులు మిగిలాయన్నది. ఒక ఊపుతో గీత చదునైపోతే షాక్‌లు బాగున్నట్టే. రెండు మూడు ఊపులు వరసగా తగ్గుతూ కనిపిస్తే షాక్‌ల పని అయిపోవచ్చింది. ఈ ఒక్క గ్రాఫ్ చాలామందికి బార్ ఖర్చు మిగులుస్తుంది.

ఇక అప్‌గ్రేడ్లు, ఒక్కొక్కటిగా

1. టైరు, గాలి

డ్రైవర్ డోర్ పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. ఫుల్ లోడ్‌కి వేరే ప్రెషర్ కూడా అందులోనే రాసుంటుంది. ఐదుగురితో శ్రీశైలం వెళ్తూ ఇద్దరి ప్రెషర్‌తో నడిపితే కారు మెత్తగా ఒరుగుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ కూడా చూడండి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. ముదిరి గట్టిపడిన టైరు ఉంచుకుని సస్పెన్షన్‌కి ఖర్చు పెట్టడం దండగ. పెద్ద అల్లాయ్‌లు, సన్నటి సైడ్‌వాల్ టైర్లు స్టీరింగ్‌ని చురుగ్గా చేస్తాయి కానీ గుంతలో రిమ్ వంగితే ఆ చురుకు ఖరీదు తెలుస్తుంది.

మా మాట: మొదటి అడుగు ఇదే.

2. బుష్‌లు, లింక్ రాడ్లు

స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు టక్ టక్ అని చప్పుడు వస్తే ముందు బార్ లింక్ రాడ్లు, బార్ బుష్‌లు చూపించండి. లింక్ వదులైతే మలుపు మొదట్లో యాంటీ రోల్ బార్ పని చేయదు. కంపెనీ ఇచ్చిన బార్ ఉండి కూడా లేనట్టే. సస్పెన్షన్ పార్టుల్లో చవకగా తేలిపోయేవి ఇవి. పాలీయురేథేన్ బుష్‌లు గట్టిగా ఉంటాయి, చప్పుడు, వైబ్రేషన్ కాస్త ఎక్కువ. రోజువారీ కారుకి మంచి రబ్బరే చాలు.

మా మాట: ఐదేళ్లు దాటిన కారు అయితే బార్ కొనే ముందు తప్పనిసరి చెక్.

3. షాక్ అబ్జార్బర్లు

ఫోన్ గ్రాఫ్‌లో ఊపులు మిగిలితే, షాక్ బాడీ మీద ఆయిల్ జిడ్డు కనిపిస్తే మార్చేయాలి. ఎప్పుడూ జతగా, ముందు రెండూ లేదా వెనక రెండూ. పైన ఉండే స్ట్రట్ మౌంట్‌ని కూడా అప్పుడే మార్పిస్తే రెండోసారి లేబర్ తప్పుతుంది. కంపెనీ స్పెసిఫికేషన్ కంటే కాస్త గట్టి గ్యాస్ షాక్‌లు కోనీ, బిల్‌స్టీన్ లాంటి కంపెనీలు చేస్తాయి. మీ మోడల్‌కి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కొత్త కార్లలో ఇక్కడే టెక్నాలజీ ముందుకి పోయింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700, స్కార్పియో-ఎన్ డ్యాంపర్లు కదలిక ఎంత తరచుగా వస్తోందో దాన్ని బట్టి గట్టిదనం మార్చుకుంటాయి. చిన్న చిన్న అదురుకి మెత్తగా, బాడీ ఊగినప్పుడు గట్టిగా. మామూలు షాక్‌లో ఈ రెండిటి మధ్య రాజీ తప్పదు.

మా మాట: మన రోడ్ల మీద పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

4. యాంటీ రోల్ బార్

బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. బార్ తీసి 22 మి.మీ.ది వేస్తే తేడా 2 మి.మీ.లే, గట్టిదనం మాత్రం 46 శాతం ఎక్కువ. అందుకే "ఇంకో రెండు మి.మీ. లావుది వేద్దాం" అనేది చిన్న నిర్ణయం కాదు.

ఏ ఇరుసుకి వేస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. ముందు బార్ గట్టిపడితే ముందు బయటి టైరు మీద భారం పెరిగి కారు మలుపు తిరగనని మొండికేస్తుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనక బార్ గట్టిపడితే ముందు భాగం చురుగ్గా తిరుగుతుంది, కానీ వాన రోడ్డు మీద వెనక భాగం జారిపోయే ప్రమాదం ఉంది. స్విఫ్ట్, బలెనో, నెక్సాన్ లాంటి కార్లలో వెనక ఉండే టార్షన్ బీమ్ తానే మెలిపడి కొంతవరకు బార్ పని చేస్తుంది. దానికి ఇంకో బార్ తగిలించేటప్పుడు మీ మోడల్ కోసమే డిజైన్ చేసినదై ఉండాలి. "సరిపోద్దిలే" అని వెల్డింగ్ పెట్టిస్తే బీమ్ పగిలే అవకాశం ఉంది.

మా మాట: షాక్‌లు, బుష్‌లు బాగున్న కారుకి, ఘాట్‌లు, హైవేలు ఎక్కువ తిరిగేవాళ్లకి మంచిదే. రోజూ ఊరి రోడ్ల మీద తిరిగేవాళ్లకి వద్దు.

5. స్ప్రింగ్‌లు, కాయిలోవర్లు

గట్టి స్ప్రింగ్ రోల్‌ని తగ్గిస్తుంది. కారుని కిందకి దించితే గరిమనాభి దిగుతుంది. ఇక్కడో చిక్కు ఉంది. మన చిన్న కార్లలో ముందు వైపు దాదాపు అన్నిటికీ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే. బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. స్ట్రట్ కారుని బాగా దించితే గరిమనాభి కంటే రోల్ సెంటర్ ఎక్కువగా కిందకి పోతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది, అంటే కారుని ఒరిగించే మీట పొడవు పెరిగినట్టే. కిందకి దించినా అనుకున్నంత రోల్ తగ్గకపోవడానికి కారణం ఇదే. పైగా ఐదుగురు ఎక్కితే మన స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద గీసుకుంటుంది.

కాయిలోవర్లు ఎత్తుని, మంచి సెట్‌లయితే డ్యాంపింగ్‌ని కూడా మార్చుకోనిస్తాయి. ట్రాక్ మీద విలువైనవి. మిర్చి యార్డు రోడ్డు మీద లారీల మధ్య నడిపే కారుకి ఖర్చే ఎక్కువ. ఏ స్ప్రింగ్ మార్చినా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల ఎత్తు సరిచూడాలి.

మా మాట: చివరి మెట్టు. షాక్‌లతో కలిపి డిజైన్ చేసిన సెట్ అయితేనే.

వీటి జోలికి వెళ్లకండి

- స్ప్రింగ్ చుట్టు కోయించడం: చుట్టు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది, కారు దిగుతుంది, నిజమే. కానీ కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగ్ తన చోటు నుంచి తప్పుకోవచ్చు. వేడి చేసి దించడం ఇంకా ఘోరం, ఉక్కు గుణమే పోతుంది.
- స్ప్రింగ్ మధ్యలో దూర్చే రబ్బరు బఫర్లు: ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. రోల్ కాస్త తగ్గినట్టు ఉంటుంది, ఎందుకంటే ఒకటి రెండు చుట్లని కదలనివ్వవు. ఆ పని మిగతా చుట్ల మీద పడుతుంది. కారు ఎత్తు పెరుగుతుంది, అంటే గరిమనాభి కూడా పైకి.
- లిఫ్ట్ కిట్ వేసి రోల్ గురించి బాధపడటం: థార్, స్కార్పియో లాంటివాటిని ఎత్తు పెంచితే పైన చేసిన లెక్క రివర్స్‌లో నడుస్తుంది. బొలెరో వెనక కమాన్ కట్టకి అదనంగా పట్టీలు వేయిస్తే బరువు మోస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఎగిరెగిరి పడుతుంది.
- వీల్ స్పేసర్లు: చక్రాల మధ్య దూరం పెరగడం లెక్క ప్రకారం మంచిదే. కానీ బేరింగ్‌ల మీద, బోల్టుల మీద పడే అదనపు భారాన్ని కంపెనీ లెక్కేయలేదు.

ఆర్సీ, ఇన్సూరెన్స్ సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీ సంస్థ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

అరిగిన షాక్‌ల స్థానంలో అదే స్పెసిఫికేషన్ షాక్‌లు వేయడం రిపేరు కిందకి వస్తుంది. కారు ఎత్తు మార్చడం వేరే సంగతి. ఎత్తు మారే ఏ పనికైనా ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ కింద వంగి చూసినప్పుడు కొత్త రంగు స్ప్రింగ్‌లు కనిపిస్తే క్లెయిమ్ దగ్గర వాదన మొదలవుతుంది. వారంటీలో ఉన్న కారుకి సర్వీస్ సెంటర్ మాట కూడా అవసరం.

రోల్ పూర్తిగా పోయే కార్లు ఉన్నాయా?

ఉన్నాయి. 1994లో వచ్చిన సిట్రోయెన్ శాంటియా ఆక్టివా హైడ్రాలిక్స్‌తో బాడీని దాదాపు నిటారుగా ఉంచేది. ఇప్పుడు బెంట్లీ బెంటైగా లాంటి ఖరీదైన ఎస్‌యూవీలు 48 వోల్టుల మోటార్లతో బార్‌ని అప్పటికప్పుడు మెలితిప్పుతాయి. తిన్నటి రోడ్డు మీద వదులు చేస్తాయి, మలుపులో బిగిస్తాయి. మనకి అందుబాటులో ఉన్న మార్పు ఎలక్ట్రిక్ కార్లు. బ్యాటరీ నేల కింద ఉండటం వల్ల గరిమనాభి దిగుతుంది. బరువు మాత్రం పెరుగుతుంది కాబట్టి టైర్లు, షాక్‌ల మీద భారం ఎక్కువ.

మీకు ఏది సరిపోతుంది?

- ఐదేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్, ఇంటి వాడకం: టైర్లు, లింక్ రాడ్లు, బుష్‌లు, షాక్‌లు. అక్కడితో ఆపండి. కారు కొత్తప్పటి రోల్‌కి తిరిగి వస్తే చాలామందికి అప్‌గ్రేడ్ అవసరమే అనిపించదు.
- ఎస్‌యూవీ, టాప్ క్యారియర్, ఫ్యామిలీ ట్రిప్పులు: టాప్ మీది బరువు కిందకి. ఫుల్ లోడ్ ప్రెషర్. తర్వాత మంచి షాక్‌లు. ఎత్తు పెంచొద్దు.
- డ్రైవింగ్ సరదా, వారాంతం ఘాట్‌లు: కారు మొత్తం కండిషన్‌లో ఉంటే మీ మోడల్‌కి చేసిన యాంటీ రోల్ బార్, ఒక సైజు మాత్రమే ఎక్కువది. వానలో జాగ్రత్తగా అలవాటు పడండి.
- కొత్త కారు కొనబోతున్నవాళ్లు: సన్‌రూఫ్ కంటే ముందు ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ చూడండి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండాల్సిందే. రోడ్డు మీదికి గేదె వచ్చిన రోజున షాపులో కొన్న ఏ బార్ కంటే అదే ముందు పని చేస్తుంది.

పార్టు బిగించాక ఫోన్ గ్రాఫ్‌లో గీత చిన్నదైతే సంతోషించండి. ఆ మిగిలిన గీతని ఇంకో పది కి.మీ. వేగం కోసం ఖర్చు పెట్టకండి. వెనక సీట్లో అమ్మ హ్యాండిల్ వదిలేసి నిద్రపోతే చాలు, ఆ సస్పెన్షన్‌కి ఫుల్ మార్కులు.